ఇరవై ఉమ్మడి ప్రశ్నలు

మునిగిన అరవై ఒకటో ఏడు, 112వ రోజు

తూర్పు నడవా ఈ రోజు తెరిచారు. లోపలికి నీళ్లు కారడంతో నలభై ఒక్క రోజులైంది మూసి. నేను మార్కుల తూకం గదికి వెళ్లేసరికి తూర్పు పిల్లల జవాబు పత్రాలు మూడు పెట్టెల్లో నా బల్ల మీద ఉన్నాయి. ఉప్పు తేమకి అట్టలు ఉబ్బిపోయాయి. నాచు కాగితం తడిస్తే ఒకదానికొకటి అంటుకుంటుంది. మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటీ విడదీసి తీగ మీద ఆరేశాను. ఆరిన తర్వాత సోమేశం గారు వచ్చి, పేరున్న కొసలు కత్తిరించి తన బీరువాలో పెట్టుకుని, నంబర్లున్న పత్రాలు నాకిచ్చారు.

ఆయన పరీక్షల పెద్ద. డెబ్బై ఏళ్లు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగారు.

"కుముదా, ఈసారి మీ అమ్మాయి రాసింది. మీ చెల్లెలి కూతురూ రాసింది. ఈ పని వేరేవాళ్లకి ఇద్దామంటే తూకం తెలిసినవాళ్లు పగడపాలెం మొత్తంలో ఇంకెవరూ లేరు. మీ నళినిని అడిగాను. అభ్యంతరం లేదని సంతకం పెట్టింది."

"అంతేనా? ఏమీ అనలేదా?"

"మా అక్క చూస్తే చాలు అంది."

అలా అనడం దానికి చాలా తేలిక. గెలిచినవాళ్లకి అన్నీ తేలికే.

114వ రోజు

ఈ ఏడు పంపుల గదిలో శిక్షణకి ఒకే ఒక్క ఖాళీ. పంపుల గదిలో చేరినవాళ్లకి ఊళ్లో ఉండే గౌరవం వేరు. సముద్రం అడుగున మనం పీల్చే గాలి వాళ్ల చేతుల్లోంచి వస్తుంది మరి. పైగా కిటికీ ఉన్న ఇల్లు ఇస్తారు. పగడపాలెంలో కిటికీ ఉన్న ఇళ్లు పదకొండు. అందులో ఒకటి మా చెల్లెలు నళినిది.

ఇరవై రెండేళ్ల కిందట నేనూ నళినీ ఒకే ఏడు పరీక్ష రాశాం. నాకు పంతొమ్మిది, దానికి పద్దెనిమిది. నేను ఉదయం జట్టు, అది సాయంత్రం జట్టు. పేపర్లు వేరు. నాకు వచ్చిన మార్కులు ఎక్కువ. కానీ సాయంత్రం పేపరు కష్టమని తేల్చి, ఆ జట్టుకి మార్కులు కలిపారు. కలిపాక అది నాకంటే ఒకటిన్నర ముందుకెళ్లింది. అప్పుడే అమ్మ దాన్ని దగ్గరకి తీసుకుని ఏడ్చింది. తర్వాత నన్నూ దగ్గరకి తీసుకుంది. కానీ తర్వాతే.

నేను ఈ ఉద్యోగంలో ఎందుకు చేరానో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను కాబట్టి చెప్తాను. ఆ సంవత్సరపు పత్రాల కట్ట చూడటానికి చేరాను. చూశాను. ఒకసారి కాదు, ముప్పై నలభై సార్లు లెక్క మళ్లీ వేశాను. ప్రతిసారీ అదే ఒకటిన్నర. తప్పు దొరికి ఉంటే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలిసేది. దొరకలేదు. అందుకే అది నళిని మీదే ఉండిపోయింది.

118వ రోజు

పత్రాలన్నీ దిద్దడం అయింది. పొద్దున శమంత అన్నం తింటూ అడిగింది.

"అమ్మా, మా పేపరూ తూర్పు వాళ్ల పేపరూ ఒకటి కాదు కదా. మరి వాళ్ల ఎనభై, మా ఎనభై ఒకటే అని ఎలా చెప్తావు?"

శమంత నా కూతురు. ఆర్నెల్లుగా పుస్తకం వదల్లేదు. దానికి అర్థమయ్యేలా చెప్పాను. నడవా మూసి ఉండగా మేం పడమర పిల్లలకి ఒక పేపరు పెట్టాం. ఆ సాయంత్రానికే మాటల తీగ మీద ప్రశ్నలు చాలావరకు తూర్పుకి చేరిపోయాయి. కాబట్టి మూడు వారాల తర్వాత తూర్పు పిల్లలకి వేరే పేపరు ఇవ్వాల్సి వచ్చింది. రెండింట్లోనూ వంద ప్రశ్నలే. అందులో ఇరవై మాత్రం ఉమ్మడి. ఆ ఇరవై మేం పరీక్ష కాగానే పిల్లల దగ్గర వెనక్కి తీసేసుకునే చీటీలో ఉంటాయి. బయటికి పోవు. వాటిలో ఎవరు ఎలా చేశారో చూస్తే ఏ వైపు పిల్లలు గట్టివాళ్లో తెలుస్తుంది. అది తెలిస్తే మిగతా ఎనభై ప్రశ్నలు ఏ పేపర్లో కష్టంగా వచ్చాయో తెలుస్తుంది. కష్టమైన పేపరు రాసినవాళ్లకి ఆ కష్టానికి సరిపడా కలుపుతాం.

"అంటే ఆ ఇరవయ్యే త్రాసు అన్నమాట."

"అంతే."

"త్రాసు సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?"

దానికి పద్దెనిమిదేళ్లు. నన్ను ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పళ్లెం తీసేసి కడుక్కోమన్నాను.

119వ రోజు

నంబర్ల వెనక పేర్లు నాకు తెలియకూడదు. తెలిశాయి. ఇద్దరు పిల్లలకీ అక్షరాలు దిద్దించింది నేనే. శమంత జవాబు చుట్టూ సున్న చుడితే పైనుంచి మొదలుపెడుతుంది. నళిని కూతురు మేదిని కిందనుంచి మొదలుపెట్టి పైకి తీసుకెళ్తుంది. చిన్నప్పుడు ఎన్నిసార్లు సరిదిద్దినా మారలేదు.

పడమరలో అందరికంటే ఎక్కువ శమంతకే వచ్చాయి, ఎనభై మూడు. తూర్పులో అందరికంటే ఎక్కువ మేదినికే, ఎనభై.

ఉమ్మడి ప్రశ్నల్లో తూర్పు పిల్లలు కాస్త ముందున్నారు. మొత్తం మార్కుల సగటులో మాత్రం మా పిల్లల కంటే మూడు వెనక. అంటే వాళ్ల పేపరు కష్టం. తూర్పుకి నాలుగున్నర కలపాలి. మేదినికి ఎనభై నాలుగున్నర.

మళ్లీ ఒకటిన్నర. అదే ఒకటిన్నర.

కాగితం బల్ల మీద బోర్లా పెట్టాను. నా కూతురు కూడా నేను నిలబడిన చోటే నిలబడబోతోంది. కిటికీ మళ్లీ ఆ ఇంటికే వెళ్తోంది. దాని కూతురికి రెండో కిటికీ. ఒళ్లంతా మండిపోయింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, నడవా ఇంకో నెల తెరవకుండా ఉంటే బాగుండేది అనుకున్నాను. అటు పక్కన నాలుగు వందల మంది ఉన్నారు.

121వ రోజు

పద్నాలుగో ప్రశ్న. కారే తలుపు దగ్గర వాల్వులు మూసే వరస గురించి.

ఇరవై ఉమ్మడి ప్రశ్నల్నీ విడివిడిగా చూడటం నా పనిలో భాగం. ఏ ప్రశ్నలోనైనా రెండు వైపుల మధ్య తేడా నూటికి ఇరవై ఐదు దాటితే దాన్ని త్రాసులోంచి తీసెయ్యాలి. పిల్లల మార్కుల్లో అది ఉంటుంది. తూకానికి మాత్రం పనికిరాదు. పద్నాలుగో ప్రశ్న పడమరలో నూటికి నలభై ఒక్కరు సరిగ్గా రాశారు. తూర్పులో ఎనభై ఎనిమిది.

అది తీసేసి లెక్క వేశాను. తూర్పుకి కలపాల్సింది రెండు మార్కులకి దిగింది. మేదినికి ఎనభై రెండు. శమంతకి ఎనభై మూడు.

నిబంధన ప్రకారమే తియ్యాలి. కానీ నాకు అంతటితో తృప్తి కలగలేదు. ఇంత తేడా ఊరికే రాదు. ఎవరో ప్రశ్న ముందే చెప్పి ఉండాలి. పంపుల గదిలో పనిచేసే తల్లి ఎవరో చెప్పి ఉండాలి. ఈ ఆలోచన రాగానే ఎంత హాయిగా అనిపించిందో! రేపు తూర్పుకి వెళ్తున్నానని సోమేశం గారికి చెప్పాను.

122వ రోజు

నడవాలో ఇంకా మోకాలి కిందదాకా నీళ్లు. బూట్లు వేసుకుని నడిచాను. తూర్పు వైపు గోడల నిండా అతుకులు. పనివాళ్ల చొక్కాల మీద ఉప్పు చారలు.

నళిని ఇంట్లో లేదు, పనిలో ఉంది. తలుపు మేదిని తీసింది. "పెద్దమ్మా!" అని చుట్టుకుంది. ఎడమ చేతికి కట్టు.

"ఏమైందే?"

"ఏం లేదు, నీటి చిమ్ము తగిలింది. రెండు గోళ్లు పోయాయి. వస్తాయంటలే."

కిటికీ పక్కన కూర్చోబెట్టింది. బయట బూడిదరంగు నీళ్లలో చేపల గుంపు ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. నేను చూడకుండా ఉండాలని ప్రయత్నించి, చివరికి చూశాను. పద్నాలుగో ప్రశ్న సంగతి తిన్నగా అడగలేను కదా. తలుపు అంచు కారుతుంటే వాల్వులు ఏ వరసలో మూయాలో తెలుసా అని, మాటల్లో మాటగా అడిగాను.

అది నవ్వింది. "తెలియకపోతే ఎలా పెద్దమ్మా? ఇరవై రోజులు వంతులేసుకుని మూశాం. ముందు పైది. తర్వాత పక్కది. కిందిది చివర. కిందిది ముందు తిప్పితే మెడ విరిగిపోతుంది. మూడో రోజు ఒకటి విరిగింది కూడా. అప్పుడే ఈ చెయ్యి."

"మీ అమ్మ నేర్పిందా?"

"అమ్మ లోపల పంపుల దగ్గర ఇరుక్కుపోయింది. ఆరు రోజులు మేం చూడనేలేదు. మాకెవరు నేర్పుతారు? విరిగాకే తెలిసింది."

పక్కింటి పిల్లల్నీ, బడి పంతులమ్మనీ అడిగాను. అందరూ అదే చెప్పారు. పన్నెండేళ్లు దాటిన ప్రతి పిల్లా పిల్లవాడూ ఆ వాల్వుల దగ్గర నిలబడ్డారట. ప్రశ్న ఎవరూ ముందే చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు నడవాలో ఆగి గోడకి ఆనుకున్నాను. నాకు కలిగింది ఊరట కాదు. నిరాశ. చెల్లెలు దొంగ కాదని తేలితే నిరాశపడే అక్కని నేను.

125వ రోజు

పద్నాలుగు తీసేశాను. కారణం రాశాను: తూర్పు పిల్లలకి స్వయంగా అనుభవమైన విషయం, పడమర పిల్లలకి కాలేదు, కాబట్టి రెండు వైపుల్నీ తూచడానికి పనికిరాదు. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

తర్వాత ఆరో ప్రశ్న చూశాను.

ఆరో ప్రశ్న పాత ముల్లు మీటరు చదవడం గురించి. అలాంటి మీటర్లు ఇప్పుడు వాడుకలో లేవు. ఒక్కటి మాత్రం పడమర భోజనశాల గోడకి ఉంది. మా పిల్లలు మూడు పూటలా దాని కిందే వరస కడతారు. పడమరలో సరిగ్గా రాసినవాళ్లు డెబ్బై ఏడు పాయింట్ ఆరు. తూర్పులో యాభై రెండు పాయింట్ రెండు. తేడా ఇరవై ఐదు పాయింట్ నాలుగు.

ఇరవై ఐదు దాటింది. ఇదీ తియ్యాలి. తీస్తే తూర్పుకి కలపాల్సింది మూడున్నర అవుతుంది. మేదినికి ఎనభై మూడున్నర. శమంతకి ఎనభై మూడు.

పెన్సిల్ పట్టుకుని ఉన్నాను. పట్టికలో తేడా గడి చిన్నది. అందులో 25 అని రాశాను. పాయింటు రాయలేదు. ఇరవై ఐదు ఇరవై ఐదుని దాటదు. ఆరో ప్రశ్న ఉండిపోయింది.

అంతే.  ఎదురుగా ఎవరైనా ఉంటే నేను అలసిపోయి లెక్క కుదించి రాశాననే అనుకునేవారు. ఇంటికి వెళ్తూ శమంతకి ఇష్టమని ఎండు రొయ్యలు తీసుకున్నాను.

130వ రోజు

ఫలితం చెప్పారు. శమంత ఇంటికి పరిగెత్తుకొచ్చి మంచం మీద గెంతింది. వాళ్ల నాన్న నాచు తోటల నుంచి మాటల తీగ మీద పిలిచి మార్కులు రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఇరవై రెండేళ్లలో నాకు ఇంత బాగా ఆకలి వేసిన రోజు లేదు.

సాయంత్రం నళిని వచ్చింది. నీళ్లలో నడిచి, మూతపెట్టిన గిన్నెలో పాయసం మోసుకుని. దాని ముఖం చూడాలని ఎంత తహతహలాడానో నాకే తెలుసు. గుమ్మంలోనే శమంతని పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. "నా పక్కనే పనిచేస్తావే ఇక. మొదటి నెల నడుము విరుగుతుంది, చెప్తున్నా" అంది. శమంత నవ్వింది.

"మేదిని ఎలా ఉంది?" అని అడిగాను.

"పొద్దున ఏడ్చింది. ఒకే ఒక్క మార్కు తేడా అటగా. లెక్కలో ఏదైనా పొరపాటేమో అడుగుదామంది." నళిని గిన్నె మూత తీసి గరిటె నాకిచ్చింది. "పిచ్చిదానా, ఆ లెక్క వేసింది మీ పెద్దమ్మ, తనకి నష్టం వచ్చినా సరే పాయింటు కూడా వదలదు అని చెప్పాను. ఇంక మాట్లాడలేదు. కళ్లు తుడుచుకుని, నేనూ వస్తాను, శమంతక్కకి బాగా రాశావని చెప్తాను అంది. చెయ్యి తడవకూడదని నేనే వద్దన్నాను."

పాయసం తిన్నాను. బాగుంది. అది ఏం చేసినా బాగుంటుంది.

ఏడుస్తుందనుకున్నాను. కనీసం ముఖం ముడుచుకుంటుందనుకున్నాను. ఓడిపోయి కూడా అది నా ఇంటికొచ్చి, నాకంటే నిండుగా, నాకంటే తేలిగ్గా నవ్వి వెళ్లింది. ఆ ఓడిన చోట నేను ఇరవై రెండేళ్ల కిందట నిలబడ్డాను. నేను అలా నవ్వలేకపోయాను.

131వ రోజు

సోమేశం గారి గదికి వెళ్లి పట్టిక ఆయన ముందు పెట్టాను.

"ఆరో ప్రశ్న తేడా ఇరవై ఐదు కాదండీ. ఇరవై ఐదు పాయింట్ నాలుగు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "పొరపాటున రాశావా?"

అవునంటే సరిపోయేది. ఆయన కూడా అవుననాలనే అడిగారు.

"కాదండీ. తెలిసే రాశాను."

 ఆయన లేచి బీరువా తెరిచి పేర్ల కొసలు తీశారు.

134వ రోజు

ఆరూ పద్నాలుగూ తీసేసిన తూకం ఇద్దరు పంతుళ్లు నా ఎదుటే మళ్లీ వేశారు. ఎలా వెయ్యాలో చెప్పింది నేనే. మేదినికి ఎనభై మూడున్నర. ఫలితం మార్చారు. నన్ను తూకం గదిలోంచి తీసేసి నాచు కాగితం ఎండబెట్టే షెడ్డుకి పంపారు. రెండేళ్లు. తర్వాత సంగతి తర్వాత చూస్తామన్నారు. నాకు పోయింది ఉద్యోగం. శమంతకి పోయింది నాలుగు రోజులు తన చేతిలో ఉన్నది.

నళినికి నేనే వెళ్లి చెప్పాను. కిటికీ ముందు నిలబడి అంతా విన్నది.

"నన్ను చూస్తే నీకు పడదని తెలుసక్కా. చిన్నప్పటి నుంచీ తెలుసు. అమ్మ ఉన్నప్పుడే తెలుసు. నాతో మాట్లాడకపోయినా, పండక్కి రాకపోయినా సర్దుకున్నాను. కానీ అది లెక్కలోకి మాత్రం రానివ్వవనుకున్నాను."

"రానిచ్చాను."

"నా కూతురు రెండు గోళ్లు పోగొట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకుని, నీ మీద నమ్మకంతో ఊరుకుంది." దాని గొంతు మొదటిసారి పెరిగింది. "వెళ్లు. కొన్నాళ్లు ఈ ఇంటికి రాకు."

చెల్లెలు నా మీద అరవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఎందుకో, ఆ క్షణంలో మేమిద్దరం ఒకే ఎత్తులో నిలబడి ఉన్నట్టు అనిపించింది.

147వ రోజు

షెడ్డులో పని నడుముకి కష్టం. బుర్రకి సుఖం. శమంత పదమూడు రోజులుగా అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. ఈ రోజు మధ్యాహ్నం షెడ్డుకి వచ్చి, కాగితాల వరసల మధ్య నిలబడి అడిగింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు చెప్పావు? నిజాయితీ గురించి చెప్పకు. నిజాయితీ ఉంటే ముందే ఆ పాయింటు రాసేదానివి."

దానికి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"పిన్ని పాయసం తెచ్చింది కదా ఆ రోజు. ఓడిపోయి కూడా నాకంటే మంచిదిగా నిలబడింది. అది భరించలేకపోయాను."

"అంటే మొదట ఈర్ష్యతో తప్పు చేశావు. తర్వాత ఈర్ష్యతోనే దిద్దావు."

"అవును."

"మధ్యలో నేను ఎక్కడున్నానమ్మా?"

 తడి కాగితం ఒకటి చేతిలో ఉంది. అది చిరిగేదాకా పట్టుకునే ఉన్నాను. శమంత దాన్ని నా చేతిలోంచి తీసి రెండు ముక్కలూ తీగ మీద వేసి వెళ్లిపోయింది.

158వ రోజు

పంపుల గదిలో కొత్తగా చేరినవాళ్ల మొదటి రోజున ఊరంతా గాలి ఆపుతారు. పన్నెండు సెకన్లు. తర్వాత కొత్తవాళ్లే తమ చేత్తో పంపు మళ్లీ తిప్పుతారు.

పది గంటలకి గంట కొట్టారు. నేనూ శమంతా ఇంట్లో ఉన్నాం. అది గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఏదో కుడుతోంది. గాలి గొట్టం చప్పుడు ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్న చప్పుడు అది. ఆగితే ఊరు ఎంత చిన్నదో తెలుస్తుంది. శమంత సూది పట్టుకున్న చెయ్యి ఆపి గొట్టం వైపు చూసింది. నేను లెక్కపెట్టాను. తొమ్మిది. పది. పదకొండు. అక్కడ మేదిని మానీ మానని చెయ్యి పిడి మీద ఉంటుంది. పక్కన నళిని నిలబడి ఉంటుంది. ఆ పిడి మీద ఉండాల్సింది నా కూతురి చెయ్యి. ఆ పక్కన నిలబడాల్సింది నేను. ఇన్ని జరిగాక కూడా గుండెలో అదే మంట, అంతే వేడిగా.

పన్నెండు.

గొట్టం ఒకసారి దగ్గినట్టు కదిలింది. శమంత నుదుటి మీద వెంట్రుకలు లేచాయి.

"వచ్చింది" అంది. నాతోనే అంది.

మంట అలాగే ఉంది. ఆ గాలిని గుండెల నిండా పీల్చాను.